ఏడు నీళ్ల గాజుగిన్నె

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఇంకొంచెం, నీ చెవి నా నోటి దాకా వచ్చేలా జరుగు, గట్టిగా చెప్పే ఊపిరి నాకు లేదు, గట్టిగా చెప్పే సంగతీ కాదు ఇది. నిద్రపోయావా? పోనీలే, పడుకో. కుర్చీలో కూర్చుని, తల తెచ్చి నా మంచం పట్టీ మీద ఆనించి, నోరు కొంచెం తెరిచి, అచ్చం మీ అమ్మలాగే నిద్రపోతున్నావు. పొద్దున్నుంచీ ఆ కాగితం పట్టుకుని నా చుట్టూ తిరిగావు, సంతకం పెట్టమని బతిమాలావు, అలిగావు, మళ్లీ బతిమాలావు. గోడ గడియారంలో మూడు దాటింది. నాలుగింటికి తీసుకెళతామన్నారు. ఈ గంటసేపూ నేనేం చేయాలో నాకు తెలుసు, ఎలా చెప్పాలో తెలియడం లేదు, అందుకని లోపల్లోపలే ఒకసారి చెప్పి చూసుకుంటున్నాను. పైకే అంటున్నానేమో కూడా, ఈ మధ్య ఆ తేడా నాకు సరిగ్గా అందడం లేదు.

తల దగ్గర ఆ పెట్టెలో పచ్చగీత ఒకటి లేస్తుంది, పడుకుంటుంది, చాలాసేపు పడుకునే ఉంటుంది, ఇక లేవదేమో అనుకుంటుండగా లేస్తుంది. పక్కన అంకె ముప్పై ఆరు. నిమిషానికి ముప్పై ఆరుసార్లే కొట్టుకుంటోందట నా గుండె. అందుకే ఆ కళ్లు తిరగడం, గిన్నె చేతిలోంచి జారడం, మొన్న వాకిట్లో పడిపోవడం. మీ మామయ్య వచ్చి, "అగ్గిపెట్టంత యంత్రమమ్మా, చర్మం కింద పెడతారు, గంట పని. దీనికింత ఆలోచనేంటి?" అన్నాడు. నువ్వేమో, "అది నీ గుండెని లాక్కుపోదు అమ్మమ్మా, అది కొట్టుకోవడం మరిచిపోయినప్పుడు గుర్తుచేస్తుంది, అంతే" అన్నావు. ఆ మాట నాకు నచ్చింది. రక్తం పరీక్షల ల్యాబులో పనిచేస్తూ కూడా మనిషికి అర్థమయ్యేట్టు మాట్లాడటం నేర్చుకున్నావు, అందరికీ రాదు అది. నేను కత్తికి భయపడుతున్నానని అనుకుంటున్నారు మీరంతా. కత్తికి కాదే. ఒకసారి ఒక గుండెని ఆపాను నేను. ఈ చేత్తోనే. మీ తాతయ్యకి కూడా చెప్పలేదు ఆ సంగతి.

స్పిరిటు వాసన వస్తే చాలు, నేను ఆ ఇంట్లోకి వెళ్లిపోతాను. ఇక్కడ వరండాలో ఎవరో నేల తుడుస్తున్నారు, తడిబట్ట చప్పుడు, స్పిరిటు వాసన, అంతే, నాకు పంతొమ్మిదేళ్లు, వీధి చివర ఏటవాలు మీద ఆ రెండంతస్తుల ఇల్లు, కిటికీ తలుపులన్నీ మూసే ఉంటాయి, గోడల నిండా ఒక తీగ, ముదురాకుపచ్చ తీగ, గోడని పట్టుకుని పాకినట్టు కాదు, గోడని తాగుతున్నట్టు. దాన్ని వారం వారం కోయించేవారు డాక్టరుగారు. వారానికల్లా మళ్లీ వచ్చేది. నేలమాళిగ గవాక్షంలోంచి లోపలికి వేలు పెట్టి చూసేది. ఆ నేలమాళిగలో ఆయన ప్రయోగశాల. వీధిలో వాళ్లు ఆ ఇంటిని గుండె ఇల్లు అనేవారు. సాయంత్రం చెవి పెట్టి వింటే గోడ కొట్టుకుంటుందని చెప్పుకునేవారు. పాలాయన గేటు దగ్గర సీసా పెట్టి, వెనక్కి చూడకుండా పరుగో పరుగు. నాకు నవ్వొచ్చేది. గోడ కొట్టుకునేది కాదు. కొట్టుకునేది లోపల, వెచ్చటి అల్మారాలో, నా అరచేతిలో పట్టే గాజుగిన్నెలో ఉండేది, అదీ గోరంత ముక్క.

నన్ను అక్కడ పనికి పెట్టింది మా పిన్ని. ఏడునీళ్ల పిన్ని అనేవారు ఆమెని. ప్రయోగశాలలో సీసాలూ గిన్నెలూ కడగడం ఆమె పని, ఆ పనిలో ఆమెని మించినవాళ్లు లేరు. గాజుని సబ్బుతో రుద్దాక ఏడుసార్లు కడగాలి, చివరివి ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు. "మొదటి నీళ్లు మురికికే, రెండోది సబ్బుకి, మూడోది సబ్బు దాచుకున్న సబ్బుకి, నాలుగోది నీ చేతికి, ఐదోది నీ తొందరకి, ఆరోది నీ అనుమానానికి. ఏడోదొక్కటే గిన్నెకి." ఇలా పాడినట్టు చెప్పేది. ఏడోసారి నీళ్లు పోసి వంచితే గాజు మీద బొట్లు కట్టకూడదు, పల్చటి గుడ్డ జారినట్టు జారిపోవాలి. బొట్టు కడితే మళ్లీ మొదటినుంచి. చదువు లేదు పిన్నికి. డాక్టరుగారి దగ్గరికి ఎక్కడెక్కడినుంచో పెద్దవాళ్లు వచ్చి మైక్రోస్కోపులో చూసి ఆహా అనేవారు, ఆయన అందరితో చేతులు కలిపేవారు, పిన్ని వెనక తొట్టి దగ్గర నిలబడి నా వైపు చూసి, "ఆహా అంటున్నారు చూడు, ఒక్క నీళ్లు తక్కువైతే అబ్బా అనేవాళ్లు" అనేది నోట్లోనే.

డాక్టరుగారు చెడ్డవాడు కాదు, అది ముందే చెబుతున్నాను. గొంతు పెంచేవారు కాదు. చావంటే ఆయన లెక్కలో ఒక పొరపాటు, అది ఎక్కడ జరిగిందో కనిపెడితే దిద్దొచ్చు. కోడిగుడ్లలో పెరిగే పిల్ల గుండె ముక్క తీసి గిన్నెలో పెట్టి, వాటి రసమే వాటికి మేతగా పోసి, వారాల తరబడి బతికించేవారు. అప్పటికి అది కోడిపిల్లల సంగతి. తర్వాత వాళ్ల పెద్దపాపకి జ్వరం వచ్చింది. పదకొండేళ్లది, మెట్లు రెండేసి చొప్పున దూకేది. నాలుగురోజుల్లో పోయింది. ఆ రోజు ఆయన పైనుంచి కిందికి దిగి వచ్చారు, చేతుల్లో తెల్లగుడ్డ చుట్టిన చిన్న గిన్నె, ముఖంలో నెత్తురు లేదు. పిన్ని చేతిలో కడిగిన గిన్నె ఉంది. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఎన్ని నీళ్లు?" అన్నారు. అంతకు ముందెప్పుడూ అడగలేదు. "ఏడండీ" అంది పిన్ని. ఆ గిన్నెలో పెట్టారు పెద్దపాపని. పెద్దపాపని అనకూడదు, పెద్దపాప గుండెలో ముక్కని. అలా అనకూడదని అప్పుడు ఎవరికీ తోచలేదు, అదే తప్పు. మర్నాటికి అది కొట్టుకుంది. నేను చూశాను తల్లీ. మైక్రోస్కోపులో చూస్తే ఎర్రటి చిన్న ముక్క, తనలో తను ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం ఒకటే అయితే చెప్పేదాన్ని. అందంగా కూడా ఉంది.

ఎవరిదో బండి వెళుతోంది వరండాలో, ఒక చక్రం కీచుమంటోంది. నాకోసం కాదు ఇంకా. మూడుంబావు.

అప్పటినుంచి అమ్మగారు రోజూ సాయంత్రం ఐదింటికి కిందికి దిగేవారు. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఆ గిన్నెతో మాట్లాడేవారు. ఇవాళ వాన పడిందనీ, నీ నీలం గౌను ఉతికించాననీ. పైన కిటికీలు తెరవనిచ్చేవారు కాదు, పాపకి గాలి తగులుతుందట. గాలి తగిలే పాప ఇంకొకతి ఉంది ఆ ఇంట్లో, చిన్నపాప, ఐదేళ్లది, జుట్టు చిక్కులు పడి, గౌను బొత్తాలు తప్పుగా పెట్టుకుని, గది గదీ తిరిగి చివరికి మా తొట్టి దగ్గరికి వచ్చి నిలబడేది. ఎవరూ దాన్ని తిట్టలేదు, కొట్టలేదు, చూడనూ లేదు. ఒకరోజు వచ్చి దువ్వెన నా చేతిలో పెట్టి, "జడ వెయ్యవా?" అంది. గిన్నె చేతిలో ఉంది. నాలుగు నీళ్లు అయ్యాయి, ఐదోది పోశానా? చేతులు తుడుచుకుని జడ వేశాను, చిక్కు తీస్తుంటే అది ఒక్క చుక్క కన్నీరు కూడా రానివ్వకుండా తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. జడ అయ్యాక ఇంకొక్క నీళ్లు పోసి గిన్నె బోర్లించాను. ఐదయ్యాయో ఆరయ్యాయో, ఏడు మాత్రం కాలేదు, ఇవాళ్టికీ లెక్క తెగలేదు నాకు. ఆ సాయంత్రం డాక్టరుగారు పిన్ని చేత ముక్కని ఆ గిన్నెలోకి మార్పించారు. రెండో రోజు పొద్దున పిన్ని అల్మారా తలుపు తీసి, మేత మార్చబోయి, ఆగిపోయింది. నేను వెళ్లి మైక్రోస్కోపులో చూశాను. ఎర్రది బూడిద రంగైంది. కదలదు.

పిన్ని నన్ను తిట్టలేదు. గిన్నె వంచి, నీటి బొట్టు వేసి చూసింది. బొట్టు కట్టింది. "సబ్బు" అంది, అంతే. పైన అమ్మగారి అడుగుల చప్పుడు వినిపిస్తోంది, అటూ ఇటూ, అటూ ఇటూ. పిన్ని గుడ్ల అర దగ్గరికి వెళ్లి, పెన్సిలుతో తారీకు వేసిన వాటిలో తొమ్మిదిరోజుల గుడ్డు ఏరి, దీపానికి పట్టి, ఎర్రదారాలు చూసి, కత్తెర మొనతో పగలగొట్టింది. లోపల కన్ను ఒకటి, రెక్క కానిది ఒకటి, మధ్యలో చుక్క. ఆ చుక్కలోంచి ముక్క తీసి ఏడు నీళ్ల గిన్నెలో పెట్టింది. "ఇవాళ ఒక్కరోజుకే. రేపు ఆయనకి చెబుదాం" అంది. ఆ రేపు మూడేళ్ల పదినెలల దాకా రాలేదు.

నీకు నవ్వొస్తుందేమో. నాకూ వచ్చేది, ఏడుపు అయ్యాక. పెద్ద పెద్ద వాళ్లు దూరాలనుంచి వచ్చి కోడిపిల్లకి దండం పెట్టినంత పని చేసేవారు. చావుని మనిషి గెలిచాడన్నారు. గెలిచింది సీసాలు కడిగే ఇద్దరు ఆడవాళ్ల అబద్ధం. నాలుగైదు వారాలకొకసారి ముక్క వాడిపోయేది, వాడిపోకముందే మేం మార్చేవాళ్లం. మూడో ఏడు పిన్నికి చూపు మందగించి ఇంటికి వెళ్లిపోయింది. వెళుతూ నా చెవిలో, "నువ్వు ఆపాలనుకున్న రోజు ఆపెయ్. నన్నడగకు" అంది. అక్కణ్నుంచి ఒక్కదాన్నే. మొత్తం నలభై ఒక్క గుడ్లు. లెక్క నాకే తెలుసు.

ఆ మధ్యలో నాకు పెళ్లైంది, మీ అమ్మ కడుపున పడింది. ఐదో నెల. నలభై రెండో గుడ్డు తీసి దీపానికి పట్టాను. ఎర్రదారాలు. వాటి మధ్య చుక్క టకటకా. సరిగ్గా అప్పుడే మీ అమ్మ లోపల తన్నింది. మొదటిసారి. చేప తోక విసిరినట్టు. నేను గుడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏదో జ్ఞానోదయం అయిందనుకునేవు, అదేం కాదు, నేను అంత గొప్పదాన్ని కాదు. కోడిగుడ్లు తినేదాన్నే, తర్వాతా తిన్నాను. నాకు తోచిందల్లా ఒక్కటే, చిన్నపాపకి తొమ్మిదేళ్లు వచ్చాయి, ఇప్పటికీ జడ నేనే వేస్తున్నాను, రేపు నా పిల్ల పుడితే నేను రాను, దానికి జడ ఎవరు వేస్తారు? ఈ గిన్నె కొట్టుకున్నన్నాళ్లూ ఆ తల్లి పైకెక్కి ఆ పిల్లని చూడదు. గుడ్డుని దాని అరలో పెట్టేశాను. గవాక్షంలోంచి తీగ కొస ఒకటి లోపలికి వచ్చి, అల్మారా వెచ్చదనం కోసమో ఏమో, ఆకు అటు తిప్పుకుని ఉంది. దాన్ని కోయాల్సిన రోజు. కోయలేదు. మర్నాడు మేత పోయలేదు. ఆ మర్నాడూ పోయలేదు. మూడోరోజు నాలుగున్నరకి గిన్నె తీసుకుని డాక్టరుగారి బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఆగిపోయిందండీ" అన్నాను. ఆయన రాస్తూనే ఉన్నారు. "ఇది పెద్దపాపది కాదండీ. కోడిపిల్లది. పెద్దపాపది రెండో నెలలోనే పోయింది. సబ్బు వల్ల. తప్పు నాది." కలం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు. "నిమిషానికి నూట ముప్పైసార్లు కొట్టుకునేది" అన్నారు. "మా పాపది డెబ్భై. మీరు మార్చిన రోజు సాయంత్రమే లెక్కపెట్టాను."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెబితే ఆపాల్సి వచ్చేది."

చూశావా తల్లీ? అంత చదివినాయన. నిజం కనిపెట్టడమే పనిగా బతికినాయన. మొదటి రోజే కనిపెట్టి, మైక్రోస్కోపుకి గుడ్డ కప్పినట్టు దాని మీద గుడ్డ కప్పేశారు. అందరూ కథలు చెబుతారు, శాస్త్రం తెలిసినవాడు ప్రకృతిని ధిక్కరించాడు, ప్రకృతి పగపట్టింది అని. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మీదా పగపట్టలేదు. తీగ తన పని తను చేసుకుంది, గుండె తన పని తను మానేసింది, మైక్రోస్కోపు నిజమే చెప్పింది. అబద్ధం ఆడింది మేం మనుషులమే.

"ఐదింటికి ఆవిడ వస్తుంది. గుడ్డు తీసుకురా" అన్నారు.

"తీసుకురానండి."

"ఆవిడ తట్టుకోలేదు. చచ్చిపోతుంది. నీ కారణంగా."

"నేను తీసుకురానండి. మీరు తీసుకోండి, అర అక్కడుంది, కత్తెర ఇక్కడుంది." ఆయన లేచారు, కత్తెర తీసుకున్నారు, చేతులు ఎంత వణికాయంటే గుడ్డు అందుకోలేకపోయారు. అప్పుడు తెలిసింది నాకు, కూతురు పోయిన రోజునుంచీ ఆ చేతులు అలాగే ఉన్నాయి, అందుకే పనంతా మాకు వదిలేశారు. ఆయన నా వైపు చూశారు, పసిపిల్లాడు చూసినట్టు. జాలేసింది. కరిగిపోయేదాన్నే. నేను తొట్టి అంచు పట్టుకున్నాను, చిన్నపాప పట్టుకున్న చోటే.

మెట్ల మీద అడుగులు. అమ్మగారు వచ్చి ముక్కాలిపీట లాక్కున్నారు. "ఇవాళ పాపాయి ఎలా ఉంది?" అన్నారు అల్మారా వైపు తిరిగి. నేను చెప్పాను. అన్నీ, ముందునుంచీ, సబ్బు సంగతితో సహా. ఆమె లేచి నా చెంప మీద ఒక్కటి వేశారు. నాలుగేళ్లుగా పిచ్చుకలా తింటున్న మనిషి చేతిలో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, చెవి గింగిరుమంది. తర్వాత గిన్నెలోకి చూశారు. "కోడిపిల్లా?" అన్నారు. "కోడిపిల్లేనండి." "నేను దానికి నీలం గౌను గురించి చెప్పాను" అన్నారు. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి వచ్చింది ఆమె గొంతులోంచి, డాక్టరుగారు గోడకి తిరిగి నిలబడ్డారు. "గిన్నె కడుగుతుంటే ఎందుకు ఆపావు మధ్యలో?" అని అడిగారు అమ్మగారు చివరికి. "చిన్నపాప జడ వెయ్యమందండీ." "జడ..." అన్నారు, ఆ మాట ఎక్కడో విన్నట్టు. "ఇప్పుడెవరు వేస్తున్నారు?" "నేనేనండి." ఆమె మెట్లు ఎక్కి వెళ్లిపోయారు. పైన ఒక కిటికీ తెరిచిన చప్పుడైంది, ఏళ్లుగా తెరవని కిటికీ, కర్ర ఏడ్చినట్టు. మర్నాడు చిన్నపాప తొట్టి దగ్గరికి వచ్చింది, ఒక పక్కకి వంగిపోయి, పాయలు ఎగుడుదిగుడుగా, ఇంత ఘోరమైన జడ నేను పుట్టి ఎరగను. "విప్పి మళ్లీ వెయ్యనా?" అన్నాను. రెండు చేతులతో జడ పట్టుకుని వెనక్కి జరిగింది. "వద్దు!" అంది.

నాలుగుకి పది నిమిషాలు. ముప్పై ఐదు, ముప్పై ఆరు. నిదానంగా నడుస్తోంది పాపం, ఎక్కడికీ తొందర లేనట్టు.

"అమ్మమ్మా." నీ కళ్లు మూసే ఉన్నాయి. "ఆ గిన్నెనేం చేశావు?"

దొంగా. అయితే పైకే చెప్పానన్నమాట. "ఎప్పటినుంచి వింటున్నావే?"

"దగ్గరికి జరగమన్నప్పటినుంచి. ఆ గిన్నెనేం చేశావు?"

"కడిగాను" అన్నాను. "ఆ సాయంత్రమే. మొదటి నీళ్లు మురికికి, రెండోది సబ్బుకి. ఏడూ పోశాను. బొట్టు కట్టలేదు. అల్మారాలో బోర్లించి, దీపం ఆర్పి, ఇంటికి వచ్చేశాను."

లేచి కూర్చున్నావు. జుట్టు చెదిరి, బుగ్గ మీద మంచం పట్టీ గీత. ఆ కాగితం ఇలా ఇవ్వు. ఆగు, ముందు నా మాట విను. యంత్రం పెట్టించుకుంటాను. నీ చేతులు వణకవు, వణికినా నిజం చెబుతావు, నాకా నమ్మకం ఉంది. నా గుండె మరిచిపోతే అది గుర్తుచెయ్యనీ, అందులో తప్పేం లేదు, నాకింకా పనులున్నాయి. కానీ ఒకరోజు వస్తుంది, లోపల కొట్టుకునేది నేను కాని రోజు. అప్పుడు మీ మామయ్య ఇంకో యంత్రం తెమ్మంటాడు, ఇంకో గొట్టం పెట్టమంటాడు, వాడికి అమ్మ కావాలి మరి. నువ్వు అప్పుడు తొట్టి అంచు పట్టుకుని నిలబడాలి. తీసుకురానండి అనాలి. అనగలవా?

పచ్చగీత లేచింది, పడుకుంది, లేచింది. "అంటాను" అన్నావు. ముక్కు ఎగబీల్చి మళ్లీ, "మామయ్య నా చెంప పగలగొడతాడు" అన్నావు.

"కొట్టనీ. చెవి గింగిరుమంటుంది, రెండురోజుల్లో తగ్గిపోతుంది. నేను చూడలేదా?"

తెల్లబట్టల డాక్టరమ్మ వచ్చింది, వెనక కీచుచక్రం బండి, దాని పక్కన ట్రేతో ఒకావిడ, పనిముట్లు కడిగి తెచ్చే ఆవిడ, చేతివేళ్లు నాని ముడతలు పడి ఉన్నాయి, చూడగానే నా మనిషే అనిపించింది. "మామ్మగారూ, భయంగా ఉందా?" అంది డాక్టరమ్మ. "మిమ్మల్ని కాదమ్మా, ఈవిడని ఒక మాట అడగాలి" అన్నాను. "ఎన్ని నీళ్లు పోశావమ్మా వీటికి?" ఆవిడ బిత్తరపోయింది. "మిషనులో అండీ, అదే కడుగుతుంది, ఆవిరి కూడా అదే పడుతుంది." "మిషను సంగతి సరే. నువ్వు చూశావా?" ఆవిడ నా ముఖంలోకి చూసింది, ఎన్నాళ్లకో ఒకరు అడిగారన్నట్టు. "ప్రతిదీ వెలుతురుకి పట్టి చూశానండీ" అంది. అప్పుడు కలం తీసుకున్నాను. నాకు వచ్చిన అక్షరాలన్నీ ఆ సీసాల మీద చీటీలు చూసి నేర్చుకున్నవే, గుండ్రంగా, తప్పు లేకుండా పెట్టాను సంతకం.

బండి కదులుతోంది, పైన దీపాలు ఒకటొకటే వెళుతున్నాయి. నా చెయ్యి వదిలెయ్, తలుపు దాకానే నీకు దారి. విన్నదంతా గుర్తుపెట్టుకో తల్లీ, రేపు నీ పిల్లలకి జడలు వేస్తూ చెప్పు. కోడిపిల్ల దగ్గర నవ్వితే నవ్వనీ. డాక్టరుగారిని దెయ్యాన్ని చేసి చెప్పకు, కూతురు పోయినవాడు. సబ్బు తప్పు నాదేనని దాచకుండా చెప్పు. ఏం మరిచినా నీళ్ల లెక్క మాత్రం మరవకు. ఏడు.